గిటారు యాస

పొదలకూరులో పాట అంటే ముందు వేలం.
తెల్లారి ఆరింటికి నిమ్మకాయల మండీలో
పాట పాడేది చెంచురామయ్య.
ఆయన గొంతు విన్నాకే ఊళ్ళో టీ మరుగుతుంది.

ఇంకో పాట ఉంది,
మండీ మూసినాక, సున్నం రాలే మూడో నంబరు గోడౌన్లో.
దానికి మైకు సెట్టు నాది.
రెండు బాక్సులు, ఒక మిక్సరు.
సమర్తలకీ ఎలక్షన్లకీ అరిచి అరిచి
పేపరు చిరిగిన స్పీకర్లు.

నలుగురు పిలకాయలు.
పిలకాయలంటే మా దగ్గర ముప్పై దాటినోళ్ళు కూడా.
సిలారు లారీలకి వైరింగు చేస్తాడు, గిటారు వాడిది.
ఎబినేజరు పొద్దున చర్చిలో వాయించిన కీబోర్డుకే
సాయంత్రం కాస్త పాపం నేర్పుతాడు.
డ్రమ్ములు పెంచల కిషోరు.
బస్తాలు మోసిన భుజాలు గదా,
ఒక్కో దెబ్బ డెబ్బై కిలోలు.
పాడేది మస్తానమ్మ.
ముత్తుకూరు కాడ రొయ్యల కంపెనీలో,
చలిగదిలో తలకాయలు తీసే పని.
జలుబు దిగని ఆ గొంతుని
ఎవురూ బాగుచేయించుకోమనలా.
మేం నిలబడిందే దాని గరుకు మీద.

మొదట్లో గిటారుది పుస్తకాల భాష.
ఫోన్లో చూసి నేర్చిన వేళ్ళు
అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవి.
ఒక రాత్రి సిలారు
పగిలిన గోలీసోడా సీసా మెడని
గడప రాతి మీద అరగదీసి
చిటికెన వేలికి తొడిగినాడు.
తీగ మీద జార్చినాడు.
అంతే.
"ఏమిటి" అనే గిటారు "ఏందబయా" అనింది.
ఒక స్వరం నించి ఇంకో స్వరానికి దూకలా,
మా అవ్వ నెల్లూరు బస్సులో మాట సాగదీసినట్టు
దారిలో అన్ని ఊళ్ళనీ పలకరించుకుంటా పోయింది.
కిషోరు పుల్లలు దించేసి నవ్వినాడు:
"దీనికి మన యాస వచ్చింది రోయ్."

పల్లవి మాత్రం నెల రోజులు కుదరలా.
మస్తానమ్మే పట్టుకునింది,
ఎక్కడో కాదు, చెంచురామయ్య నోట్లో.
ఒకటోసారి, రెండోసారి, ఇంకెవురన్నా?
ఆ "ఇంకెవురన్నా"ని మూడు తిప్పులు తిప్పింది.
మూడో తిప్పుకి కాటా పళ్ళెం వణికింది.
ఒక్కసారి వింటే నోరు వదలని వరస,
కింద క్వారీలో రాయి పగిలినట్టు డ్రమ్ము,
నడాన సీసా మెడ ఏడుపు.
ఏడుపో ఎకసెక్కమో
నాకింకా తెలీదు.

ఆత్మకూరులో రిసెప్షను.
మొదటి పాటకి ఒక్క కుర్చీ ఇటు తిరగలా.
రెండోదానికి పెళ్ళికొడుకు బావమరిది
నా చెవిలో "డీజే లేదా అన్నా?"
మూడోది ఎత్తుకోగానే కరెంటు పోయింది.
జనరేటరోడు బిర్యానీ కాడ ఉన్నాడు.
గిటారు మూగ. కీబోర్డు శవం.
కిషోరు ఆపలా. మస్తానమ్మా ఆపలా.
మైకు లేని గొంతు, చీకట్లో,
"ఇంకెవురన్నా?"

వడ్డన బల్లల వైపు నించి ఎవురో
"నేనుండా" అన్నారు.
సాంబారు బకెట్టు మీద గరిట పడింది,
తాళానికి సరిగ్గా.

లైట్లు వెలిగేసరికి
అందరూ ఫోన్లలో ఉన్నారు.
బకెట్టు కాడ ఎవురూ లేరు.

ఇచ్చింది ఎనిమిది వేలు.
నా బాక్సుల అద్దె నేనడగలా, వాళ్ళియ్యలా,
ఆ ముక్క ఇక్కడ రాసిపెడతన్నా.
మూడున్నరకి కంపెనీ వ్యాను వచ్చింది.
మస్తానమ్మ జడలో మల్లెపూలతోనే ఎక్కింది.
చలిగదిలో అవి వాడవంట.

ఈ పొద్దు కాయ రేటు పడిపోయింది.
బస్తా మూడొందలన్నా అడిగేవాడు లేడు.
చెంచురామయ్య రెండోసారి అని ఆగినాడు,
గొంతు సర్దుకున్నాడు,
"ఇంకెవురన్నా" అన్నాడు,
చివర కాస్త జార్చి,
ఆయనకే తెలీకుండా.

బస్తా మీద కూర్చున్న కిషోరు తలెత్తలా.
కాలు మాత్రం
లెక్క వేస్తా ఉంది.